రాక్ బృందములు: సైనిక్‌పురి గదినుండి చౌరస్తాకు

రాక్ బృందమనగా విద్యుద్గిటారు, బేస్ గిటారు, డ్రములు అను మూడింటిని ముఖ్యసాధనములుగా గొని, నలుగురైదుగురు యువకులు తమ పాటలను తామే కట్టుకొని తామే పాడుకొను చిన్న సంగీతసమాజము. దీని జన్మభూమి అమెరికా. అచ్చటి నల్లజాతివారి బ్లూస్ బాణీలును, పల్లెపట్టుల శ్వేతజాతీయుల కంట్రీ పాటలును కలియగా 1950ల నడుమ పుట్టిన రాక్ అండ్ రోల్, పదేండ్లు తిరుగకమునుపే ఇంగ్లండు చేరి, అచ్చట బృందరూపము దాల్చి, ఓడరేవులున్న ప్రతి దేశమునకును ప్రాకినది. తెలుగునాట దీనికి వయస్సు తక్కువ కాదు, కీర్తి మాత్రము మిక్కిలి ఆలస్యముగా వచ్చినది. ఆ ఆలస్యమునకు గల కారణములను, ఆ కీర్తి తుదకు ఏ త్రోవల వచ్చినదను విషయమును సికింద్రాబాదునకు ఈశాన్యమున నున్న సైనిక్‌పురి గుమ్మమున నిలిచి చూచుట ఈ వ్యాసోద్దేశము. ఆ కాలనీని ఎన్నుకొనుటకు కారణము ప్రసిద్ధి కాదు. ప్రసిద్ధికి ముందుండు అవస్థ యంతయు అచ్చట కంటికిని, అంతకు మించి చెవికిని, తెలియవచ్చుటయే.

పదవిచారము: బ్యాండు అను మాట తెలుగువాని చెవికి మూడు పొరలుగా వినవచ్చును. మొదటి పొర దండుది. 1798లో నిజాము ఆంగ్లేయులతో కుదుర్చుకొన్న సైన్యసహకార ఒడంబడిక పర్యవసానముగా హుస్సేన్‌సాగరమునకు ఉత్తరమున వెలసిన విడిది, 1806లో తరువాతి నిజామగు సికందర్ జా పేర సికింద్రాబాదు కాగా, ఆ దండు వెంట ఇత్తడి బాకాలును, బ్యాగుపైపులును, ప్రక్కకు వ్రేలాడు డ్రములును ఈ గడ్డకు దిగినవి. తిరుమలగిరి, బొల్లారము మైదానముల ప్రక్కన పెరిగిన పిల్లలకు ఉదయపుగాలిలో కవాతువాద్యము వినవచ్చుట నేటికిని వింత కాదు. రెండవ పొర పెండ్లిది. సైనికవాద్యమును చూచి నేర్చిన పట్టణవాసులు ఎఱ్ఱకోటులు తొడిగి, జరీభుజములు తగిలించుకొని, వరుని గుఱ్ఱమునకు ముందు నడచిరి. నాటినుండి తెలుగింట బ్యాండుమేళమనగా క్లారినెట్టు, బాకా, పెట్రోమాక్సు దీపములు మోయు కూలీలు. మూడవదగు రాక్ బ్యాండు వీటిపై వచ్చి పడినది. కుమారుడు స్నేహితులతో కలిసి బ్యాండు పెట్టినాడని విన్న తల్లి "పెళ్ళిళ్ళల్లో వాయిస్తావట్రా?" అని అడిగినచో, పిల్లలు నవ్వుదురు గాని, ఆమె ప్రశ్నలో అజ్ఞానము లేదు, రెండువందల యేండ్ల భాషాచరిత్ర కలదు. ఆ ప్రశ్న యెంత దూరదృష్టి గలదో పిల్లలకు తరువాత తెలిసివచ్చును.

స్థలము: సైనిక్‌పురి పేరులోనే దాని పుట్టుక కలదు. రక్షణదళములలో పనిచేసినవారు నివసించుటకై ఏర్పడిన ఈ కాలనీకి చుట్టును నేరేడ్‌మెట్, యాప్రాల్, కాప్రా చెరువు ఉండగా, ఇంకొకవంక ఎలక్ట్రానిక్స్ కార్పొరేషనును 1967లో నెలకొల్పిన అయ్యగారి సాంబశివరావుగారి పేర ఏ.ఎస్.రావు నగరము వెలసినది. ఒకప్పుడు నగరమునకు దూరమగుటచే స్థలములు విశాలముగా దొరకినవి. ఇండ్లచుట్టు తోటలు, తోటల వెనుక కారు నిలుపు గదులు, పనివారి గదులు కట్టుకొనిరి. పంజాబునుండి వచ్చిన కర్నలు, కేరళనుండి వచ్చిన వైమానికదళపు అధికారి, శ్రీకాకుళమునుండి వచ్చిన నావికాదళపు ఇంజనీరు ఒకే వీథిలో పొరుగువారైరి. వారి పిల్లలు ఊరూర బదిలీలపై తిరిగి, ఆర్మీ మెస్సు విందులలో పాశ్చాత్యసంగీతము విని, ఆంగ్లమాధ్యమమున చదివి, తమలో తాము హిందీ ఆంగ్లములలో మాటలాడుకొని పెరిగినవారు. రాక్ బృందమునకు వలసిన సామగ్రి యంతయు ఇచ్చట పుట్టుకతోనే సిద్ధముగా నుండెను: ఖాళీగది, గిటారు కొనిపెట్టగల తండ్రి, క్రొత్త ఊరిలో స్నేహమునకై వెదకు కుఱ్ఱవాడు. లేనిది ఒక్కటే, వినువాని భాష. మలయాళీ డ్రమ్మరు, సిక్కు గిటారిస్టు, తెలుగు గాయకుడు కలిసి పాట కట్టదలచినచో అది ఆంగ్లమున పుట్టుట సహజము. అట్లు పుట్టిన పాట కాప్రా చెరువు దాటి పోలేకపోవుటయు అంతే సహజము.

సికింద్రాబాదున పాశ్చాత్య నృత్యగీతములకు అంతకుమునుపే మఱియొక నెలవు కలదు. లాలాగూడ రైల్వే కర్మాగారము చుట్టు స్థిరపడిన ఆంగ్లో-ఇండియను కుటుంబములు క్రిస్మసునాడును, నూతనసంవత్సరపు రాత్రియు జరుపుకొను నృత్యసభలలో గిటారు, పియానో, డ్రములు మ్రోగుచుండెను. ఆ కుటుంబములలో పలువురు ఆస్ట్రేలియాకును ఇంగ్లండునకును వలసపోగా ఆ నృత్యశాలలు పలుచబడినవి. వారు వదలిపోయిన గిటారులు మాత్రము, చేతులు మారి మారి, ఎవరెవరి యిండ్లకో చేరినవి.

సాధన: ఈ వ్యాసకర్త అట్టి గదికి గోడ యివతల రెండేండ్లు కాపురమున్నవాడు గనుక ఈ భాగమును కొంత విస్తరించి వ్రాయుట క్షంతవ్యము. గదికి కిటికీ యొక్కటి. దానికి పాత దూదిపరుపు అడ్డముగా నిలుపబడినది. గోడలనిండ కోడిగ్రుడ్ల అట్టలు అతికింపబడినవి. ఈ అట్టలు శబ్దమును బయటికి పోనీయవని యువకులందఱు నమ్ముదురు. నిజమునకు అవి గదిలోని ప్రతిధ్వనిని ఒకింత తగ్గించునే గాని, పొరుగువానికి ఎట్టి ఉపకారమును చేయవు. పెద్ద డ్రము లోపల చిరిగిన తలగడ క్రుక్కబడినది, దెబ్బ పొట్టిగా గట్టిగా పలుకుటకు. గోడకున్న ఒకే ప్లగ్గునుండి ఎక్స్‌టెన్షన్ బోర్డు, ఆ బోర్డునుండి మూడు యాంప్లిఫయరులు, ఒక టేబులు ఫ్యాను. ఇంటిలో నీటిమోటారు వేసినప్పుడెల్ల గిటారు యాంపులోనుండి తుమ్మెదల రొద వంటి ఝంకారము వచ్చుచుండెను.

ఆ రొదకు కారణము తెలిసికొన్నచో ఈ వాద్యమే తెలిసినట్లు. విద్యుద్గిటారు ఉక్కుతీగల క్రింద అయస్కాంతమును, దానిచుట్టు వేలకొలది చుట్లు చుట్టిన సన్నని రాగితీగయు నుండును. తీగ కంపించినప్పుడు అయస్కాంతక్షేత్రము కదలి రాగిచుట్టలో అత్యల్పమగు విద్యుత్తు పుట్టును. దానిని యాంప్లిఫయరు పెంచి ధ్వనిగా మార్చును. ఆ రాగిచుట్ట తీగ కంపమును మాత్రమే గాక, సమీపమున నున్న మోటారుల, దీపముల విద్యుత్ప్రకంపనలనుగూడ పసిపిల్లవలె వివేచన లేక గ్రహించును. యాంప్లిఫయరు మోయగల బరువునకు మించి సంకేతమును పంపినచో తరంగశిఖరములు తెగిపోయి, క్రొత్త అనుస్వరములు పుట్టి, గరుకైన నాదమొకటి వచ్చును. ఇంజనీర్లు దోషముగా నెంచిన ఈ వికృతినే రాక్ వాద్యకారులు తమ సొత్తుగా చేసికొనిరి. 'డిస్టార్షన్' అని వారు వాడు మాట దీనికే.

వీణకు గమకమెట్లో ఈ గిటారునకు తీగసాగదీత అట్లు. కర్ణాటకసంగీతము చెవిలో నున్న మన పిల్లలకు అది త్వరగా పట్టువడును. పట్టువడనిది అయిదుగురు ఒకే క్షణమున ఆగుట. నే నెఱిగిన ఆ బృందము ఎనిమిది ఆవర్తముల పల్లవిని నలువది సాయంకాలములు వాయించినది. ప్రతిదినము అదే చోట డ్రమ్మరు ముందుపడును, గిటారు ఆగును, ఆంగ్లమున ఒక తిట్టు, మరల ఒకటి రెండు మూడు నాలుగు. మా యింటి మామ్మగారు ఒకనాడు ప్రహరీగోడ మీదుగా డ్రమ్మరును పిలిచి, "ఏం నాయనా, ఆ పాట ఇంకా రాలేదా?" అని పరామర్శగా అడిగినది. ఆ కుఱ్ఱవాడు తలవంచుకొని, "వచ్చేస్తుందండీ మామ్మగారూ, ఈ వారంలో" అనెను. అంతటి నిజాయితీగల సమీక్షను ఆ బృందము తరువాత పొందియుండదని నా నమ్మకము.

చట్టము మామ్మగారంత దయగలది కాదు. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియంత్రణ నియమములు నివాసప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లులను పరిమితిగా నిర్ణయించి, రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవఱకు బహిరంగప్రదేశములలో లౌడుస్పీకరులను నిషేధించినవి. మూతవేసిన గదిలో డ్రములు నూఱు డెసిబెల్లులను అవలీలగా దాటును. అందుచేత సైనిక్‌పురి బృందముల సాధన సాయంకాలము అయిదునుండి ఎనిమిదింటిలోపల, అనగా కళాశాలకును భోజనమునకును నడుమ ఇమిడియుండవలసి వచ్చెను. ఎనిమిదిన్నరకు ఏ కర్నలుగారో గేటువద్ద నిలిచి గడియారము చూచుకొందురు, అంతే, మాటలక్కఱలేదు.

వాద్యములు: 1991లో దిగుమతుల ద్వారములు తెఱచువఱకు మంచి గిటారు మన దేశమున బంగారము వంటిది. ఆరంభకులందఱి చేతిలోను కలకత్తాలో తయారగు గివ్‌సన్ గిటారు ఉండెను. గిబ్‌సన్ అను అమెరికా నామమును ఒక్క అక్షరము తేడాతో పెట్టుకొన్న ఈ వాద్యమునకు తీగలు చెక్కకు చాల ఎత్తున నుండుటచే, వ్రేళ్ళు కోసికొనిపోవుట విద్యారంభములో ఒక భాగము. గల్ఫునుండియో అమెరికానుండియో వచ్చు మేనమామ తెచ్చిన గిటారును నాలుగు బృందములు వంతులవారీగా వాడుకొనెడి రోజులుండెను. తరువాత చైనాలోను ఇండోనేషియాలోను తయారైన చవుకవాద్యములు వచ్చి ఈ కొఱత తీర్చినవి. డ్రముల కథ మాత్రము మారలేదు. అవి కొనుట ఒక కష్టము, మోయుట రెండు కష్టములు. సైనిక్‌పురినుండి జూబిలీహిల్సు చేరుటకు సుమారు 20 కిలోమీటర్లు. ఆటోలో పెద్ద డ్రమును ఒడిలో పెట్టుకొని, సింబళ్ళను కాళ్ళసందున నిలిపి, సంగీత్ కూడలి, ప్యారడైజు, బేగంపేటల రద్దీ దాటి ప్రదర్శనస్థలమునకు చేరునప్పటికి ఆరంభమునకు ముందరి శబ్దపరీక్షకు వేళ మించిపోవును. 2017 నవంబరులో ప్రారంభమైన మెట్రో రైలు సైనిక్‌పురివైపు రాలేదు. వచ్చినను డ్రములతో ఎక్కనిత్తురా అనునది వేఱు సంగతి.

కీర్తికి పూర్వము: బృందముల ఆరంభక్లేశములకు లోకము చూపు ఉదాహరణము లివర్‌పూల్ యువకుల బీటిల్స్. వారు 1960లో జర్మనీదేశపు హాంబర్గు రేవునకు పోయి, అచ్చటి మద్యశాలలలో రాత్రికి గంటలకొలది నిర్విరామముగా వాయించి ఆరితేరిరి. 1962 జనవరి 1వ తేదీన లండనులో డెక్కా కంపెనీవారియెదుట పరీక్షకు నిలిచి తిరస్కృతులైరి. ఆ సంవత్సరమే అక్టోబరున వేఱొక కంపెనీ ద్వారా రికార్డు వెలువరించి, 1964 ఫిబ్రవరిలో అమెరికాను జయించిరి. ఈ కథలో జనులు తిరస్కారమునే చెప్పుకొందురు. నాకు తోచినంతలో ముఖ్యమైనది హాంబర్గు. అచ్చట కూలి చాలకున్నను వాయించుటకు గంటలు దొరకినవి. మన బృందమునకు దొరకనివి ఆ గంటలే. ఏడాదికి రెండు కళాశాలోత్సవములు, నెలకొక మద్యశాల రాత్రి, ఒక్కొక్కచోట నలుబదియైదు నిమిషములు; ఈ లెక్కను పదేండ్లు వాయించినను హాంబర్గులో ఒక్క వేసవి కాదు.

ఆ నలుబదియైదు నిమిషములలోను తమ పాటలకు చోటుండదు. పిలిచినవారు కోరునది ప్రసిద్ధమగు పరదేశబృందముల పాటలు, లేక సినిమాపాటలు. మొదటివానిని 'కవర్లు' అందురు, తమ పాటలను 'ఒరిజినల్స్' అందురు. ఆరు కవర్ల నడుమ ఒక ఒరిజినలును దొంగచాటుగా చొప్పించి, దానికి చప్పట్లు వచ్చునా రావా అని కనిపెట్టుట ప్రతి తెలుగు బృందమునకు అనుభవైకవేద్యమగు ఘట్టము. ఇట్టి ఒక ఉత్సవమున, పేరెందుకు, బృందము రెండవ పాట ముగింపకముందే నిర్వాహకుడొకడు వేదికవెనుకనుండి వచ్చి, "అన్నా, ఒక్క చిరంజీవి పాట కొట్టండన్నా, పబ్లిక్ లేచిపోతున్నరు" అని వేడుకొనుట నేను కన్నులార చూచితిని. బృందము ఆ పాటను వాయించినది. బాగుగానే వాయించినది. దుఃఖమంతయు అందులోనే కలదు.

తెలుగునాడు దాటి చూచినచో, 1960ల చివర సిమ్లా అను సిగరెట్టు పేర సాగిన సిమ్లా బీట్ పోటీలు దేశమంతటి బృందములను బొంబాయికి రప్పించి, 1970, 1971లలో రెండు గ్రామఫోను రికార్డులను వెలువరించినవి. మన దేశమున యువజనసంగీతపు తొలి పోషకులలో పొగాకు వ్యాపారి యుండుట విచిత్రమే. తరువాతి పోషకుడు మద్యవ్యాపారి. దేశభాషలలో ముందు నడచినది బెంగాలు: 1975లో కలకత్తాలో గౌతమ్ చట్టోపాధ్యాయ నాయకత్వమున మొహీనేర్ ఘొరాగులి ఏర్పడెను. ఢిల్లీలో 1990లో పుట్టిన ఇండియన్ ఓషన్ బృందము 1993లో తొలి సంపుటి తెచ్చినను, 'కందీసా' సంపుటితో 2000లో గాని దేశమునకు పరిచితము కాలేదు, పదేండ్ల నిరీక్షణమన్నమాట. కేరళలో అవియల్ బృందము మలయాళమున రాక్ పాడి 2008లో సంపుటి వెలువరించినది. ఈ పట్టికలో తెలుగు పేరు లేకుండుట పాఠకునికి నొప్పిగా నుండవచ్చును.

సినిమా: కారణము వెదకుటకు దూరము పోనక్కఱలేదు. బెంగాలీకి పాటయనిన రవీంద్రుడు గుర్తుకువచ్చును. తెలుగువానికి పాటయనిన సినిమా గుర్తుకువచ్చును. నాటకపద్యము, జానపదము, భక్తికీర్తన, లలితగీతము, పాశ్చాత్యనృత్యము అన్నింటిని తనలోనికి లాగుకొని, వాని వాద్యకారులకు కూడుపెట్టిన మహాగర్భము తెలుగు సినిమాపాట. మద్రాసు స్టూడియోలలో గిటారు, డ్రములు, కీబోర్డు వాయించినవారిలో యౌవనమున రాక్ బృందములలో తిరిగినవారు కలరు. నెమెసిస్ అవెన్యూ అను రాక్ బృందమున నున్న దిలీప్ అను యువకుడు రాజ్-కోటి వంటి తెలుగు సంగీతదర్శకులయొద్ద కీబోర్డు వాయించి, పిదప ఏ.ఆర్.రహమాన్ అయ్యెను. ప్రతిభగలవానిని సినిమా తిరస్కరింపలేదు, ఆదరించి మ్రింగినది. తిరస్కారమునెదిరించి పోరాడవచ్చును, ఆదరణమునెదిరించుట యెట్లు?

సినిమా వెలుపల లక్షలమందిని కూడగట్టిన తెలుగు గొంతు ఒకటి మాత్రము కలదు. అది సైనిక్‌పురికి కొద్ది కిలోమీటర్లలోనే, అల్వాల్ వెంకటాపురమున కాపురముండెను. విప్లవగీతబృందమగు జననాట్యమండలికి చెందిన గద్దరు (గుమ్మడి విఠల్‌రావు, 2023 ఆగస్టు 6న మరణించెను) కాళ్ళకు గజ్జెలు, భుజమున గొంగడి, చేత కఱ్ఱ, ప్రక్కన డప్పుతో మైదానములను కదలించినవాడు. ఒకేమూల పెరిగిన ఈ రెండు సంగీతములు, గద్దరు డప్పును సైనిక్‌పురి డ్రమును, ఒకదానినొకటి ఎన్నడు ఆలకింపకపోవుట మన నగరచరిత్రలో నాకు మిక్కిలి వింతగా తోచు విషయము. వర్గభేదమందురు, భాషాభేదమందురు, రెండును నిజమే.

భాషను గుఱించి ఒక మాట. తెలుగుపదములు చాలవఱకు అజంతములు, అనగా అచ్చులతో ముగియునవి. ఆంగ్ల రాక్ పాటకు ప్రాణమైనది, డ్రము దెబ్బతోబాటు తెగిపడు హల్లుతో ముగియు ఏకాక్షరపదము, మనకు లేదు. అందుచే గ్రాంథికమున గాని సినిమాభాషలో గాని రాక్ పాడినచో మాట సాగిపోయి దెబ్బ జాఱిపోవును. వాడుకభాషలో, అందును తెలంగాణపు, గోదావరి తీరపు సంబోధనలతో ఊనికతో పాడినప్పుడు ఈ చిక్కు విడును. (ఈ వ్యాసమునే గ్రాంథికమున వ్రాయుచు ఈ మాట యనుట నాకును నవ్వు దెప్పించుచున్నది.)

చౌరస్తా: ఆ చిక్కును విప్పినది హైదరాబాదునందలి చౌరస్తా బృందము. నాలుగు దారులు కలియుచోటునకు తెలంగాణమున వాడు ఉర్దూమాటను పేరుగా పెట్టుకొన్న ఈ బృందమున రామ్ మిరియాల గాయకుడుగా, యశ్వంత్ నాగ్ మొదలగువారు సహచరులుగా నుండిరి. వారు ఎన్నుకొన్నది గర్జించు రాక్ కాదు, జమైకాదేశపు రెగే. ఇందు గిటారు తాళపు దెబ్బపై గాక దెబ్బకు దెబ్బకు నడుమనున్న ఖాళీలో పడును. మన పల్లెపాటలలోను గొంతు దెబ్బకు కొంచెమాగి అందుకొను అలవాటు కలదు గనుక తెలుగుపల్లెమాట ఆ నడకలో ఇట్టే ఒదిగిపోయినది. 'మాయ', 'ఊరెళ్ళిపోతా మామా' అను వారి పాటలు 2018 ప్రాంతమున యూట్యూబు ద్వారా ఇంటింటికి ప్రాకినవి. రెండవదాని పేరే చెప్పుచున్నట్లు, నగరమున ఉద్యోగమునకై వచ్చి ఇఱుకుగదులలో మగ్గు లక్షలమంది యువకుల ఊరిబెంగ అందులో ఉండెను. సినిమాలో నాయకునికి తప్ప ఎవనికి బెంగ పాడుకొను హక్కుండదు గదా. కంపెనీ రికార్డు లేదు, చిత్రసీమ లేదు, మద్యశాల యజమానుని దయ లేదు; ఫోనున్న ప్రతివాడును శ్రోతయే. 2020లో కరోనా వచ్చినప్పుడు జాగ్రత్తలు చెప్పుచు వారు కట్టిన పాట ఆ కీర్తిని ఇంకను పెంచినది.

అటుపిమ్మట జరిగినది తెలుగు బృందచరిత్రమునకు లక్షణప్రాయము. రామ్ మిరియాల బృందమును వీడెను. 2021లో 'జాతిరత్నాలు' చిత్రమున 'చిట్టి' పాట, 2022లో తానే బాణీకట్టి పాడిన 'డీజే టిల్లు' పాట, 2023లో 'బలగం' చిత్రమున గాయని మంగ్లితో కలిసి పాడిన 'ఊరు పల్లెటూరు' అతనిని ప్రతి పెండ్లిపందిటికిని చేర్చినవి. యశ్వంత్ నాగ్ 2023లో వచ్చిన 'పరేషాన్' చిత్రమునకు సంగీతము కూర్చెను. వీరిని నిందించుట తగదు. బృందము మెట్టు, సినిమా మేడ యని అందఱును ఎఱిగిన నాట, మెట్టుపై నిలిచియుండుమని అడుగు అధికారము మేడక్రింద నిలిచి వినువారికి లేదు. కాని, ఇంగ్లండున బృందము ప్రసిద్ధమైన పిమ్మట గాయకుడు ఒంటరియగుట కలహమునకు గుర్తు. తెలుగునాట అది పదోన్నతికి గుర్తు.

హైదరాబాదుననే క్యాప్రిసియో వంటి బృందములు వేఱొక ఉపాయమును పట్టినవి: ప్రాత సినిమాపాటలను రాక్ వాద్యములతో క్రొత్తగా అల్లి కళాశాలలయందు పాడుట. నిర్వాహకుడు వేదికవెనుకనుండి వచ్చి వేడుకొనకముందే ఆ పని చేసిపెట్టుట అన్నమాట.

మెటల్ బృందములు: కీర్తికి రెండవ త్రోవ సముద్రముమీదుగా పోవునది. రాక్‌నుండి చీలి మిక్కిలి వేగమును, కర్కశధ్వనిని సాధించిన మెటల్ శాఖకు తెలుగుసినిమాలో చోటే లేదు, గొంతు నరములు తెగునట్లు గర్జించు గాయకునకు యుగళగీతమెవడిచ్చును? కనుక ఆ శాఖవారు సినిమావలన చెడనూలేదు, బాగుపడనూలేదు. హైదరాబాదునందు 2015లో ఏర్పడిన గాడ్‌లెస్ బృందము 2016లో 'సెంచురీస్ ఆఫ్ డెకడెన్స్', 2018లో 'స్వార్మ్' అను చిన్న సంపుటములను, 2021లో 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' అను పూర్ణసంపుటమును వెలువరించి, దేశమందలి డెత్ మెటల్ శ్రోతలలో గట్టిపేరు గడించెను. విశాఖపట్టణమున పుట్టిన ఎగైన్స్ట్ ఈవిల్ బృందము ప్రాత ఇంగ్లీషు హెవీ మెటల్ పద్ధతిని పట్టుకొని, 'ఆల్ హెయిల్ ది కింగ్' (2018), 'ఎండ్ ఆఫ్ ది లైన్' (2021) అను సంపుటములద్వారా ఐరోపా శ్రోతలను సంపాదించినది. తమ యూరి బీచిరోడ్డున నడచునప్పుడు ఎవరును గుర్తింపని వాద్యకారుని పాటను జర్మనీలో ఒకడు చొక్కాపై బొమ్మగా వేసికొనుట ఈ కాలమునకు మాత్రమే సాధ్యమైన కీర్తి. దీనిలో ధనము స్వల్పము. సభ్యులలో చాలమందికి పగటిపూట ఉద్యోగములుండుట ఈ శాఖయందు లోకమంతటను రివాజు.

వేదికలు: హైదరాబాదున రాక్ వినుటకు ఒకప్పుడు బేగంపేటలోని టెన్ డౌనింగ్ స్ట్రీట్ అను మద్యశాల రాత్రులే దిక్కు. 2010లో బంజారాహిల్సులో వెలసిన లామకాన్, మద్యము లేకయే, ఆవరణమున నాపరాళ్ళపై కూర్చుండి, సమోసా తినుచు వినదగిన వేదిక నిచ్చినది. ఇటీవల సైనిక్‌పురి వీథులలోను కాఫీశాలలు బారులు తీరినవి. వానిలో సాయంకాలము ఒక్క గిటారుతో ఒక్కడు కూర్చుండి మెల్లగా పాడుచుండును. డ్రములకు చోటు లేదు, పొరుగువారికి అభ్యంతరమును లేదు. బృందమునకు అది బదులు కాదు గాని, నాడు గ్రుడ్ల అట్టల గదిలో దాగిన వాద్యము వీథివైపునకు వచ్చుట మాత్రము నిజము.

జీవనము: నేడు తెలుగు బృందముల ఆదాయమున పెద్దపాలు వచ్చునది పెండ్లిండ్లనుండియే. ఉత్తరాదినుండి వచ్చి మన యిండ్లలో పాతుకొనిన 'సంగీత్' అను ముందురాత్రి వేడుకకు బృందమును పిలుచుట గొప్పింటి మర్యాదయైనది. మద్యశాలలో నెలరోజులు వాయించినను రానిది ఒక్క రాత్రిలో వచ్చును. నాకు తెలిసిన ఆ గోడవతలి బృందముగూడ, గిటారిస్టు కెనడాకు పోగా క్రొత్తవానిని చేర్చుకొని, ఇట్టి పనులే ఒప్పుకొనుచున్నది. ఇటీవల కొంపల్లి వైపున ఒక కల్యాణమంటపమున వారిని చూచితిని. లోపల వేదికపై డ్రమ్మరు, ఇప్పుడు నెత్తిన వెండ్రుకలు పలుచబడినవాడు, పెద్ద డ్రములోని తలగడను సర్దుకొనుచుండెను. వెలుపల గేటువద్ద ఎఱ్ఱకోటుల బ్యాండుమేళమువారు బాకాలు ఒడిలో పెట్టుకొని, వరుని కారు రాకకై ప్లాస్టికు కుర్చీలలో కూర్చుండియుండిరి. వారిలో ముసలి క్లారినెట్టువాద్యకారుడొకడు లోపలికి వచ్చి, యాంప్లిఫయరు ప్రక్కనున్న ప్లగ్గును చూపి, "బాబూ, సెల్లు చార్జింగు పెట్టుకోవచ్చా?" అని అడిగెను. డ్రమ్మరు వంగి ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఫ్యాను తీసివేసి అతనికి చోటిచ్చెను. యాంపులో సన్నగా రొద మొదలయ్యెను.